వేలెత్తిన వేసవి

నా నోరే నా జీవనాధారం. పాత ట్రాక్టర్లు, చిల్లుపడ్డ పడవలు, పోయినవాళ్ళ పింగాణీ గిన్నెలు, ఏది నా ముందు పెట్టినా కాఫీ చల్లారేలోపు పాడి పారేస్తాను. వేలంపాట నా వృత్తి. ఓర్విల్ టాంగెన్ అంటే మా రాష్ట్రంలో సంతలకొచ్చే ఆవులు కూడా చెవులు నిక్కిస్తాయి. మా ఆవిడ ఆర్డిస్ స్కూలు బస్సు నడుపుతుంది. నేను ఒక పూటలో వాగేదాన్ని ఆవిడకిస్తే పదేళ్ళు సర్దుకుంటుంది. అంత పొదుపు. పైగా ఒకసారి అన్నదంటే అన్నదే. పెళ్ళికి ముందు, "నిన్ను చేసుకుంటాను గానీ నీ జోకులకి నవ్వను" అంది. చేసుకుంది. నవ్వలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ పెదాల మీద నాకు బోణీ కాలేదు.

అలాంటి మనిషికి పదవి కోసం పెదవి విప్పాల్సిన వేసవి ఒకటి వచ్చింది.

జూన్ మొదట్లో పార్టీ జిల్లా అధ్యక్షుడు మా వంటింట్లో కూర్చుని, మా రుబార్బ్ కాడలతో ఆర్డిస్ చేసిన తీపి పై రొట్టె తింటూ విషయంలోకి దిగాడు.

"రాష్ట్ర కోశాధికారి పదవికి మనవాళ్ళెవరూ దొరకట్లేదు ఆర్డిస్. ఇప్పుడున్న ముసలి మైలో హాస్టాడ్ మీద నిలబడమంటే అందరూ నవ్వుతున్నారు. నీ పేరు ఇచ్చెయ్యనా?"

"కోశాధికారి ఏం చేస్తాడు?" అంది ఆర్డిస్.

అధ్యక్షుడు ఫోర్కు కింద పెట్టాడు. "రాష్ట్రం డబ్బు చూసుకుంటాడు."

"చూసుకుని?"

"చూసుకుని... చెక్కుల మీద సంతకం పెడతాడు."

"ఆర్థిక శాఖ ఉందిగా?"

"ఉంది."

"ఆడిటరు?"

"ఉన్నాడు."

"మరి ఈయనెందుకు?"

"అదే!" అని ఎగిరి బల్ల మీద గుద్దాడు అధ్యక్షుడు. "ఆ ఒక్క ముక్క చెప్పి నిలబడు. చాలు!"

ఆ ఏడాది ఓటు కాగితం మీద ఈ సంగతికి రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, కోశాధికారిగా ఎవరు కావాలి? రెండోది, అసలు కోశాధికారి కావాలా, రాజ్యాంగంలోంచి ఆ పదవినే కొట్టెయ్యాలా? అంటే పెళ్ళికొడుకు ఎవరో చెప్పండి, అలాగే పెళ్ళి ఉందో లేదో కూడా చెప్పండి అన్నట్టు. ఆర్డిస్ రెండింటికీ కలిపి ఒకే మాట ఇచ్చింది. మా ఇంటి ముందు గడ్డిలో బోర్డు లేచింది: "ఆర్డిస్ టాంగెన్. తాళం వేస్తుంది." మైలో హాస్టాడ్ బోర్డు ఎప్పటిదో, రంగు వెలిసి, అక్షరాలు తక్కువ: "హాస్టాడ్. ఇంకా ఉన్నాడు."

నాకు మాత్రం కాలు ఒకచోట నిలవలేదు. ఎందుకంటే ప్రతి ఆగస్టులో రాష్ట్ర సంతలో కోశాధికారి ఆఫీసు తరఫున పెద్ద వేలం జరుగుతుంది. బ్యాంకు లాకర్లలో పెట్టి మర్చిపోయినవి, పెట్టి పోయినవి, ఎంత వెతికినా సొంతదారు దొరకనివి ఆ ఆఫీసుకొస్తాయి. ఏళ్ళు చూసి అమ్మేస్తారు. డబ్బు మాత్రం ఆ మనిషి పేరునే ఉంచుతారు, ఎప్పుడొచ్చినా ఇస్తారు. ఆ వేలం పాడేది నేను. నా పాటల్లోకెల్లా పెద్ద పాట అది. మా ఆవిడ గెలిస్తే నా పాటకి పాతరే.

"పాట పాడే మొగుణ్ణి పెట్టుకుని పాటల సభకి తాళం వేస్తావా?" అన్నాను.

"ఇంకేదైనా పాడుకో," అంది.

ఆ వేసవి మా ఇంట్లో ఎవరూ కూర్చోలేదు. ఊరేగింపులు. ప్రతి శనివారం ఏదో ఒక ఊరు, పికప్ బండి వెనక నిలబడి పిల్లలకి మిఠాయిలు విసరడం. ఎండకి మిఠాయిలు కరిగేవి, పిల్లల చేతులకంటుకునేవి, ఆ చేతులు మా ఆవిడకంటుకునేవి. ఆవిడ ఉపన్యాసం తుమ్మంత ఉండేది: "నా పేరు ఆర్డిస్ టాంగెన్. నన్ను గెలిపిస్తే ఆ ఆఫీసు మూసేస్తాను." దిగిపోయేది. జనానికి తెగ నచ్చింది. గంటలు గంటలు మాట్లాడే గవర్నరు అభ్యర్థి తర్వాత ఆవిడ లేస్తే ఎండలో నిమ్మరసం ఇచ్చినట్టుండేది. ఇంటికొచ్చాక మాత్రం కుదురుండేది కాదు. తెల్లారేసరికి స్టవ్ విప్పి తోమేది. బస్సు సెలవుల్లో ఉంటే వెళ్ళి ఉత్తినే ఇంజను స్టార్టు చేసి వినేది.

"ఏమయింది నీకు?" అంటే, "ఏం కాలేదు. అందరికీ ఒకే మాట చెప్పి చెప్పి, అది నిజమో కాదో వినపడటం మానేసింది" అంది. అది ఆవిడకి ఉపన్యాసమే.

ఇక్కడ మా వాళ్ళ అలవాటొకటి చెప్పాలి. మేం చేతులూపి పలకరించుకోం. ఎదురుగా బండి వస్తే స్టీరింగు మీంచి ఒక్క వేలు లేపుతాం. అంతే. పెళ్ళయినా చావైనా అదే వేలు. వేలంలో ధర పాడటానికీ అదే వేలు. వేలంలో వేలెత్తితే వేలు వదులుతాయని తెలిసినవాడు వేలిని జేబులో పెట్టుకుని కూర్చుంటాడు. ఆర్డిస్ ఏళ్ళ తరబడి బస్సు నడిపి ప్రతి బండికీ వేలు లేపిన మనిషి. దానికి తోడు ఆ వేసవంతా పార్టీ వాళ్ళు, "కనపడ్డ ప్రతివాణ్ణీ పలకరించమ్మా" అని నూరిపోశారు.

ఆగస్టు సంతలో, కోశాధికారి వేలం డేరాలో, నేను బల్ల మీద నిలబడ్డాను. బయట కోళ్ళ పోటీ, లోపల కుర్చీలు కిక్కిరిసిన జనం, ఉక్క. మైలో హాస్టాడ్ పక్కనే నిలబడ్డాడు, భుజాల మీదుగా వెడల్పు పట్టీల ప్యాంటు, గడకర్రలాంటి మనిషి. గొలుసులు పోయాయి, గడియారాలు పోయాయి, వెండి చెంచాలు పోయాయి. అప్పుడు గుమాస్తా నా చేతికొకటి ఇచ్చింది. చూస్తే పిండికట్టు. చిన్నపిల్లాడి కాలి కట్టు, నిలువుగా కోసి విప్పినది. దాని నిండా రంగు పెన్సిళ్ళతో పిల్లల రాతలు, ఒకచోట కోడిపుంజు బొమ్మ.

"ఇది బ్యాంకు లాకర్లో దొరికిందా?" అన్నాను మైకు మూసి.

"దొరికింది," అన్నాడు మైలో. "కానివ్వు."

కానిచ్చాను. "అయ్యా, అమ్మా! ఒంటికాలు! ఈ కాలుంటే బూటు ఖర్చు సగం! నడవదు, పారిపోదు, రాత్రిపూట మంచంలో తన్నదు! ఒక డాలరు, ఒక డాలరు, కాలు పెట్టండయ్యా ముందుకి, ఎవరైనా కాలు దువ్వండి!"

జనం పడి పడి నవ్వారు. ఎవడూ పాడలేదు. నేను ఇంకో విడత ఊదుతుండగా వెనక గుమ్మంలోంచి పాడి సంఘం పెద్ద లోపలికొచ్చాడు. జనం మధ్య కూర్చున్న ఆర్డిస్ ఆయన్ని చూసింది. ఆవిడ వేలు లేచింది.

అది పలకరింపని నాకు తెలుసు. తెలిసి నోరు ఆపుకున్నాను. కానీ మొదటి వరసలోంచి ఒకడు, "ఆర్డిస్ వేలెత్తింది! ఏం ఓర్విల్, పెళ్ళానికి మినహాయింపా?" అని అరిచాడు. వేలంలో పాటగాడి ఇంటిమనిషికి వేరే రూలుండదు. ఉంటే మర్నాటి నుంచి నేను పాటగాణ్ణి కాను.

"అమ్మేశాం!" అని సుత్తి కొట్టాను.

ఆర్డిస్ చుట్టూ చూసి, "ఏం కొన్నాను?" అంది.

"కాలు," అన్నాను.

అందరూ నవ్వారు. ఆవిడ తప్ప.

కట్టు ఇంటికొచ్చింది. ఇంట్లో కట్టు తప్పింది. వంటింటి బల్ల మీద ఉప్పు డబ్బా పక్కన పెట్టింది దాన్ని. తింటూ దాన్నే చూసేది. "పారెయ్," అంటే "పారెయ్యాల్సిందైతే బ్యాంకులో అద్దె కట్టి దాచుకుంటారా?" అంది. "గొలుసులు దాచుకునే చోట దీన్నెవరు పెట్టారు?"

అమ్ముడుపోని సరుకు తిరిగి అప్పజెప్పడానికి వారం తర్వాత నేను రాజధానికి బండి కట్టాను. ఆర్డిస్ తనూ వస్తానంది, కట్టు ఒళ్ళో పెట్టుకుని. అసెంబ్లీ భవనం కింద, మెట్లు దిగితే మైలో గది. దాని వెనక ఉక్కు తలుపు. లోపల అరలు, అరల నిండా కవర్లు, డబ్బాలు. యుద్ధం పతకాలు, పాలపళ్ళు, ఎవరిదో పెళ్ళి కిరీటం.

"మైలో గారూ, ఈ కాలు ఎవరిది?" అంది ఆర్డిస్ నిలబడే.

"సోల్బెర్గ్ అనే ఆవిడ లాకరు. ఉత్తరం వేశాం, తిరిగొచ్చింది. ఆవిడ పోయింది. పిల్లలున్నట్టు ఎక్కడా లేదు. వెతకడానికి ఇద్దరుండేవాళ్ళు నాకు. ఒకర్ని తీసేశారు. మిగిలినావిడకి మోకాళ్ళ నొప్పులు." ఆర్డిస్ చేతిలోని కట్టు చూసి, "అమ్మకుండా ఉండాల్సింది. తప్పు మాదే" అన్నాడు.

పోట్లాటకొచ్చిన ఆర్డిస్‌కి పోట్లాడటానికేం మిగల్లేదు. ఊరికే ఉండలేక అటూ ఇటూ నడిచింది.

"అసలు మీ పదవి ఎందుకండీ? నేనడిగితే ఒక్కరూ చెప్పలేదు."

"చెప్పరు తల్లీ. అందరూ మర్చిపోయారు." మైలో ఒక డబ్బా మీద కూర్చున్నాడు. "ఇది రాష్ట్రం కాకముందు మొదటి కోశాధికారి జనం డబ్బంతా తన మంచం కింద ఇనప్పెట్టెలో పెట్టుకునేవాడు. మంచివాడే. రెండోవాణ్ణి గవర్నరు పెట్టాడు. గవర్నరు బావమరిది. ఓ రోజు పెట్టెతో సహా రైలెక్కాడు. అప్పుడు రాసుకున్నారు రాజ్యాంగంలో, ఈ తాళంచెవి ఎవరికివ్వాలో మేమే ఎన్నుకుంటాం అని."

"ఇప్పుడు పెట్టెల్లేవు కదా. అంతా కంప్యూటర్లు."

"నువ్వన్నది నిజమే. డబ్బుకి నేనక్కర్లేదు. డబ్బు తన దారి తను చూసుకుంటుంది." అరల వైపు చెయ్యి చూపించాడు. "వీటికే దారి తెలీదు."

"ఆర్థిక శాఖ వాళ్ళు చూసుకోరా?"

"ఎందుకు చూసుకోరు? కిందటేడు కబురంపారు. ఈ గది ఖాళీ చేస్తే పెద్దవాళ్ళ కార్లు పెట్టుకోవచ్చట. కుదరదన్నాను. నన్ను ఉద్యోగంలోంచి పీకలేరు గదా, జనం పెట్టినవాణ్ణి. నా గొప్పతనం మొత్తం అంతే ఆర్డిస్. కుదరదు అనగలను."

తిరుగు దారిలో ఆర్డిస్ నడిపింది. ఏళ్ళుగా మంచులోనూ మసకలోనూ తప్పని మనిషి, మా ఊరి మలుపు దాటించేసింది. నేను గుర్తు చేస్తే, "తెలుసు" అంది, ఇంకా ముందుకే పోతూ. "ఆ కోడిపుంజు బొమ్మ ఎక్కడిదో గుర్తొచ్చింది. హోల్డెన్ బడి గుర్తు అది. ఆ బడి మూసేశాక అక్కడి పిల్లల్ని నేనే బస్సులో తెచ్చేదాన్ని."

హోల్డెన్‌లో ఇప్పుడు మిగిలింది ధాన్యం గిడ్డంగి, ఒక కాఫీ హోటలు. హోటలు నడిపే మావిస్ అనే పెద్దావిడ కట్టుని చేతిలోకి తీసుకుని కళ్ళజోడు పైకి తోసింది.

"అమ్మో! ఈ రాత నాదే! 'త్వరగా పరిగెత్తు. ఇట్లు, మావిస్.' లైల్ గాడి కాలిది! వీపుకి దుప్పటి కట్టుకుని గడ్డి అటక మీంచి ఎగిరాడు వెధవ."

"ఎగిరాడా?" అన్నాను.

"దిగాడు," అంది మావిస్.

"ఉన్నాడా ఇప్పుడు?" అంది ఆర్డిస్.

"ఉండకేం? లైల్ బ్రెకె. రెండు జిల్లాల అవతల పాల ట్యాంకరు నడుపుతాడు. వాళ్ళమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుని సోల్బెర్గ్ అయింది, వీడు బ్రెకెగానే ఉండిపోయాడు."

పేరు మారింది. అంతే. అందుకని బతికున్న మనిషి కాలు డేరాలో డాలరుకి పోయింది.

సెప్టెంబరంతా ఆర్డిస్ ఉపన్యాసం చెప్పడానికి లేచినప్పుడల్లా నేను ఆవిడ గొంతుకే కాపలా. ఆ ఒక్క వాక్యం చెప్పేది. కానీ "మూసేస్తాను" దగ్గరికొచ్చేసరికి మాట బురదలో దిగిన టైరులా తిరిగేది. ఇంట్లో చీపురు చేతిలోంచి దిగేది కాదు.

"మనసు మారితే చెప్పెయ్యొచ్చుగా," అన్నాను.

"రాష్ట్రమంతా తిరిగి మాటిచ్చాను ఓర్విల్. నేనెప్పుడైనా మాట తప్పానా?"

"లేదు," అన్నాను. "నా కర్మ కొద్దీ."

నవ్వలేదు.

అక్టోబరులో మా చర్చి కింద హాల్లో లూటెఫిస్క్ విందు. సున్నపు తేటలో నానిన ఎండుచేప వాసన పార్కింగు దాకా స్వాగతం చెబుతోంది. ఎన్నికల ముందు చివరి పెద్ద సమావేశం అదే, అధ్యక్షుడు కొత్త టై కట్టుకొచ్చాడు. ఆర్డిస్ ఫోను చేసి రమ్మంటే లైల్ బ్రెకె కూడా వచ్చాడు. తలుపంత మనిషి, పాల కంపెనీ టోపీ. మా బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆర్డిస్ సంచిలోంచి కట్టు తీసి వెన్న గిన్నె పక్కన పెట్టింది.

లైల్ చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత నావైపు తిరిగాడు.

"దీన్ని అమ్మింది నువ్వేనటగా."

"అవునండీ."

"ఎంతకి?"

"డాలరుకి."

"సిగ్గులేదూ? కనీసం ఐదైనా పలకాల్సింది." అని కట్టు చేతిలోకి తీసుకున్నాడు. రాతల మీద బొటనవేలు నడిచింది. "విప్పినరోజే దీన్ని తీసికెళ్ళి మొక్కజొన్నలో విసిరేశాను. పీడా పోయిందని. అమ్మ వెళ్ళి ఏరుకొచ్చుంటుంది." కట్టుని తిరగేసి చూశాడు. "నాకెప్పుడూ చెప్పలేదు."

ఎవరో వచ్చి కాఫీ పోసి పోయారు. లైల్ ముక్కు చీదుకుని, ఆర్డిస్ వైపు వంగాడు.

"నా ఓటు నీకే. మా అమ్మ దాచుకున్నదాన్ని సంతలో పెట్టిన ఆఫీసు ఉండకూడదు. మూసి పారెయ్!"

ఆర్డిస్ రొట్టెకి వెన్న రాస్తోంది. రాయడం ఆపలేదు.

"నాకు వెయ్యకు లైల్," అంది.

"ఏంటి?"

"మైలోకి వెయ్యి. రెండో ప్రశ్నకి, పదవి ఉండాలి అని పెట్టు. ఈ రొట్టె తిను, వేడిగా ఉంది."

అధ్యక్షుడు గ్లాసు మీద చెంచాతో కొట్టి ఆర్డిస్‌ని పిలిచాడు. ఆవిడ లేచింది. చేతిలో వెన్న కత్తి అలాగే ఉంది.

"నా పేరు ఆర్డిస్ టాంగెన్. ఆ ఆఫీసు మూసేస్తానన్నాను. ముయ్యను. అక్కడ ఇంకా చాలా డబ్బాలున్నాయి." ఒకసారి అందరినీ చూసింది. "మాట తప్పాను కాబట్టి నాకు వెయ్యకండి. మైలో హాస్టాడ్ ఉన్నాడు. ఇంకా."

కూర్చుంది. అధ్యక్షుడి కొత్త టై చేప మీది కరిగిన వెన్నలో మునిగింది, ఆయన చూసుకోలేదు.

నవంబరులో ఆర్డిస్ ఓడిపోయింది, అడిగి మరీ. ఆవిడ వద్దన్నా వేసినవాళ్ళు బోలెడుమంది, కానీ సరిపోలేదు. రెండో ప్రశ్న మాత్రం లెక్కింపు పూర్తయ్యేదాకా ఊగిసలాడి, వెంట్రుకవాసిలో పదవి మిగిలింది. అధ్యక్షుడు మా ఇంటి ముందు బోర్డు తనే పీక్కుపోయాడు. ఆ శీతాకాలమంతా చర్చిలో మా బెంచీ మీద మా పక్క చోటు ఎప్పుడూ ఖాళీయే, పార్టీ వాళ్ళెవరూ కూర్చునేవాళ్ళు కాదు.

జనవరిలో మైలో ఫోను చేశాడు. సొంతదార్లని వెతికే మనిషి ఉద్యోగాన్ని అసెంబ్లీ వాళ్ళు తిరిగిచ్చారట. "మోకాళ్ళు బాగున్న మనిషి కావాలి," అన్నాడు. ఆర్డిస్ బస్సు తాళాలు స్కూలుకిచ్చేసి మెట్లు దిగి ఆ గదిలోకి వెళ్ళింది. ఇప్పుడు మా ఇంట్లో ఫోను మాట్లాడేది ఆవిడ. మూసేసిన బళ్ళు, పేర్లు మారిన వితంతువులు, రోడ్డు పేరు మారిన పొలాలు. ఎవరెవరి అత్తలతోనో గంటలు గంటలు. ఫోనుకోసం వరసలో నిలబడేది నేను.

మళ్ళీ ఆగస్టు. మళ్ళీ డేరా, ఉక్క, కోళ్ళ పోటీ. ఆర్డిస్ మొదటి వరసలో, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. గొలుసులు పోయాయి, గడియారాలు పోయాయి. గుమాస్తా నాకో పళ్ళసెట్టు ఇచ్చింది, బంగారు పన్నుతో. నేను ఎత్తుకున్నాను.

"కొరికే ఓపిక లేనివాళ్ళకి వరం! నవ్వేవాళ్ళకి నవ్వు, నమిలేవాళ్ళకి నములు! పది, పది, పదిహేను, పళ్ళు రాలగొట్టే ధర..."

ఆర్డిస్ చెయ్యి తొడ కిందనుంచి బయటికొచ్చింది. వేలు లేచింది.

పలకరింపు కాదు. పాట కాదు. ఆపు అని. నోరు తెరిచి ఉన్న నేను అలాగే ఆగిపోయాను. డేరా అంతా ఆవిడ వేలినే చూస్తోంది.

"సొంతదారు దొరికాడు," అంది ఆర్డిస్. "పొద్దున్నే ఫోన్లో మాట్లాడాను. బయల్దేరాడు."

"ఏమన్నాడు?" అన్నాను.

"ఏమో," అంది. "ఒక్క ముక్క అర్థం కాలేదు."

డేరా గొల్లుమంది. నేను సుత్తి కింద పెట్టి పళ్ళసెట్టుని జాగ్రత్తగా గుడ్డలో చుట్టాను. చుట్టి తలెత్తేసరికి ఆర్డిస్ నావైపే చూస్తోంది, నేను నవ్వుతున్నానా లేదా అని. నవ్వేదాకా ఆ వేలు దించలేదు.